సెక్షన్‌కి పది మందే ఎందుకు?

(అక్టోబరు 27, పదాతి దళ దినోత్సవం నాడు కావలిలో, ఆర్మీ ర్యాలీకి తయారవుతున్న కుర్రాళ్లతో, వాళ్ల ఇళ్లవాళ్లతో ఒక రిటైర్డ్ సుబేదార్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకున్న పిల్లలు ముందుకు రండి నాయనా, ముందు కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఈ వానకి, పైన రేకుల మీద ఈ చప్పుడుకి నా మాట అంత దూరం రాదు. మైకు ఉంది కానీ కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. రండి, రండి. ఆ, అమ్మా, మీరు కూడా ఇటు రండి, అక్కడ జల్లు కొడుతోంది.

ఇప్పుడు నేను ఎందుకు పిలిచాను మిమ్మల్ని? గొంతు అందదు కాబట్టి. ఇది గుర్తు పెట్టుకోండి, ఇవాళ్టి సబ్జెక్ట్ అంతా దీని మీదే నడుస్తుంది.

ఇవాళ అక్టోబరు 27. 1947లో ఇదే రోజు పొద్దున ఢిల్లీ నుంచి డకోటా విమానాల్లో 1 సిక్కు బెటాలియన్ జవాన్లు శ్రీనగర్‌లో దిగారు. ఊరు చేతికి దక్కుతుందో లేదో తెలియని పరిస్థితి. వాళ్ల కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ దివాన్ రంజిత్ రాయ్ ఉన్న కొద్దిమందితోనే బారాముల్లా వైపు ముందుకు కదిలారు, ఆ రోజే ప్రాణం ఇచ్చారు. చనిపోయాక ఆయనకి మహావీర్ చక్ర ఇచ్చారు. అందుకే ఈ రోజుని ఇన్‌ఫాంట్రీ డే, అంటే పదాతి దళ దినోత్సవం అని చేస్తాం. బెటాలియన్‌కి పెద్ద ఆయన. వెనక ఉండి విమానాలు లెక్కపెట్టుకోవచ్చు. ఆయన ముందు నడిచాడు. ఇన్‌ఫాంట్రీలో పెద్దవాడు ఎక్కడ నిలబడతాడన్నది మొదటి రోజే అలా తేలిపోయింది.

నాది బోగోలు పక్కన పల్లె. 1992లో చేరాను, మద్రాస్ రెజిమెంట్‌లో 28 ఏళ్లు చేసి సుబేదార్‌గా వచ్చాను. ఈ మధ్య పొద్దున గ్రౌండ్‌కి వెళ్తుంటే మీలో చాలామంది నన్ను అడిగేది ఒకటే: అన్నా, టెక్నికల్ వస్తే బాగుంటుంది కదా, క్లర్క్ వస్తే బాగుంటుంది కదా, జీడీలో, అంటే జనరల్ డ్యూటీలో, ఇన్‌ఫాంట్రీ పడితే ఏం చేయాలి? ఏం చేయాలి అని ఏదో ముంచుకొచ్చినట్టు అడుగుతారు. ఇన్‌ఫాంట్రీ అంటే మిగిలిపోయిన వాళ్లని వేసే చోటు అని మీకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది. అందుకే ఇవాళ కథలు చెప్పను. ఇన్‌ఫాంట్రీని ఎలా కట్టారో, ఇటుక మీద ఇటుక ఎలా పేర్చారో చెప్తాను. అది అర్థమైతే మీకే తెలుస్తుంది.

ముందు ఒక్క మాట. మనవాళ్లకి ఇదేం కొత్త కాదు. 1757 ప్లాసీ యుద్ధానికి ముందే ఈస్టిండియా కంపెనీ క్లైవ్ ఇక్కడి నుంచి, మద్రాసు వైపు నుంచి, సిపాయిల్ని బెంగాల్‌కి తీసుకెళ్లాడు. వాళ్లని చూసి ఆ ఉత్తరాది వాళ్లు సిపాయికి పెట్టుకున్న పేరు ఏంటో తెలుసా? తిలంగా. తెలుగువాడు అని. తర్వాత తర్వాత ఎక్కడివాడైనా సరే, ఆ ఈస్టిండియా కంపెనీ యూనిఫాం వేసుకుంటే తిలంగానే. మా మద్రాస్ రెజిమెంట్ లెక్క 1758 నుంచి మొదలవుతుంది, మన దేశంలో పాత పదాతి రెజిమెంట్లలో అదే ముందు. నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో దాని సెంటర్. మన వైపు నుంచి చేరినవాళ్లు చాలామంది అక్కడే రిక్రూట్‌గా బూట్లు పాలిష్ చేశారు, నేనూ చేశాను.

సరే, అసలు విషయం. అన్నిటికంటే చిన్న ఇటుక సెక్షన్. మన సైన్యంలో సెక్షన్ అంటే పది మంది. దానికి పెద్ద ఒక హవల్దార్, ఆయన కింద ఒకరు, ఎల్ఎంజీ అని లైట్ మెషిన్‌గన్ ఒకటి, దాన్ని పట్టుకునే నంబర్ వన్, పక్కనే మందుగుండు మోసి సాయం చేసే నంబర్ టూ, మిగతావాళ్లు రైఫిళ్లతో. పదే ఎందుకు? ఇరవై అయితే బలం ఎక్కువ కదా అని మీకు అనిపించాలి. నాకు కూడా అనిపించింది.

మా నాన్న రైస్‌మిల్లులో హమాలీ ముఠా మేస్త్రి. ఆయన ముఠాలో కూడా పది పన్నెండు మందే ఉండేవాళ్లు. సీజన్‌లో లారీలు వరసపెట్టి నిలబడితే మిల్లు యజమాని ఇంకో పది మందిని కలుపుకోమనేవాడు. మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. ఇంకో ముఠాని పిలవండి అయ్యా, ఇంకో మేస్త్రిని పెట్టండి, నాకు మాత్రం ఇంతకంటే వద్దు అనేవాడు. ఎందుకు నాన్నా అంటే, పొద్దున బస్తా ఎత్తే ముందు ఒక్కొక్కడి మొహం చూస్తాను, ఎవడికి రాత్రి జ్వరం వచ్చింది, ఎవడి మోకాలు పట్టేసింది, ఎవడు ఇంట్లో గొడవపడి వచ్చాడు నాకు తెలియాలి, పలక మీద కాలు తడబడితే బస్తా మీద పడుతుంది, ఇరవై మంది మొహాలు నేను చూడలేను అన్నాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆ మాట నాకు సెక్షన్ కమాండర్ అయ్యాక అర్థమైంది. కాల్పులు మొదలయ్యాక ఆ చప్పుడులో, ఆ పొగలో, నేల మీద పడుకుని ఒక మనిషి ఎంతమందిని కంటితో చూడగలడు, ఎంతమందికి గొంతు వినిపించగలడు? ఎనిమిది, తొమ్మిది, పది. అంతే.

మొదటి నుంచీ ఇలా లేదు. వందేళ్ల క్రితం వరకు కంపెనీ అంతా, అంటే వంద మంది పైనే, ఒక గుంపుగా ఒక అధికారి మాట మీద కదిలేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, మెషిన్‌గన్ ముందు అలా నడిచిన గుంపులు గుంపులుగా పోయాయి. నేల మీద పడుకోవాలి, చెదిరిపోవాలి, కానీ చెదిరిపోయినవాడికి ఎవరు చెప్తారు? అక్కడి నుంచి చిన్న గుంపు పుట్టింది. 1917 నాటికి బ్రిటిష్ వాళ్లు ప్లటూన్‌ని, అంటే కంపెనీలో ఒక ముక్కని, నాలుగు చిన్న సెక్షన్లుగా విడగొట్టి, ఒక సెక్షన్‌కి లూయిస్ గన్ ఇచ్చారు. మనిషి మోయగలిగిన మెషిన్‌గన్ అది. ఇప్పటి ఎల్ఎంజీకి అది తాత అనుకోండి. అప్పటి నుంచి ఏ దేశమైనా ఇదే పద్ధతి: కొంతమంది గన్‌తో శత్రువు తల ఎత్తకుండా కాలుస్తూ ఉంటారు, ఆ లోపల మిగతావాళ్లు ముందుకు ఉరుకుతారు, పడుకుంటారు, ఇప్పుడు వీళ్లు కాలుస్తారు వాళ్లు ఉరుకుతారు. ఫైర్ అండ్ మూవ్. మీరు ట్రైనింగ్‌లో కలలో కూడా చేస్తారు దాన్ని.

అంకెలో తేడాలు ఉన్నాయి. బ్రిటిష్ సెక్షన్‌లో ఎనిమిది మంది, నాలుగు నాలుగుగా రెండు జట్లు. అమెరికా ఆర్మీలో స్క్వాడ్ అంటారు, తొమ్మిది మంది, రెండు నాలుగులు ప్లస్ ఒక లీడర్. వాళ్ల మెరైన్లు చాలా ఏళ్లు పదమూడు పెట్టుకున్నారు, మూడు నాలుగులు ప్లస్ లీడర్. పదమూడు ఎక్కువ కదా అంటే, ఆ లీడర్ పన్నెండు మందితో మాట్లాడడు, ముగ్గురితో మాట్లాడతాడు, ఆ ముగ్గురూ తలా ముగ్గురితో మాట్లాడతారు. ఎటు తిప్పినా మళ్లీ గొంతు దగ్గరికే వస్తుంది.

ఒక రాత్రి సంగతి చెప్పనివ్వండి. నేను చేరి రెండేళ్లు కూడా కాలేదు, కొండల్లో పెట్రోలింగ్. లైట్ వేయకూడదు, మాట్లాడకూడదు. లెక్క ఎలా చూస్తారంటే, చివర నడిచేవాడు ముందువాడి భుజం తట్టి ఒకటి అంటాడు, వాడు తన ముందువాడిని తట్టి రెండు అంటాడు, అలా చెవిలో చెప్పుకుంటూ ముందున్న సెక్షన్ కమాండర్ దాకా వస్తుంది. మా కమాండర్ కేరళ ఆయన, సన్నగా ఉండేవాడు, గొంతు ఎత్తగా నేను ఎప్పుడూ వినలేదు. ఆయన కాక తొమ్మిది మందిమి. ఆ రాత్రి ఒక నాలా దాటాక లెక్క ఎనిమిదే వచ్చింది. ఆయన మళ్లీ అడగలేదు, ఎవడ్రా అని తిట్టలేదు. చెయ్యి పైకెత్తి అందరినీ కూర్చోబెట్టి, వెనక్కి నడిచి ఒక్కొక్కడి మొహాన్ని చేత్తో తడుముకుంటూ వెళ్లాడు. చీకట్లో ముక్కు, చెంప, మీసం తడిమి ఎవడు లేడో పట్టుకున్నాడు. ఒక కుర్రాడు బూటు తాడు కట్టుకోవడానికి రాయి మీద కూర్చుని అలాగే నిద్రపోయాడు, అంత అలసట. ఇరవై నిమిషాల్లో తీసుకొచ్చాడు. కుర్రాణ్ణి ఒక్క మాట అనలేదు, తన వెనక నడిపించుకున్నాడు, అంతే. మొహం తడిమి మనిషిని గుర్తుపట్టాలంటే ఎంతమంది ఉండాలో మీరే చెప్పండి.

మూడు సెక్షన్లు కలిస్తే ప్లటూన్. పైన చిన్న హెడ్‌క్వార్టర్, అందులో రేడియో ఆపరేటర్, ప్లటూన్ హవల్దార్, చిన్న మోర్టార్. మొత్తం మీద ముప్పై అయిదు మంది చుట్టుపక్కల. మూడే ఎందుకంటే రెండు ముందు పెట్టి ఒకటి చేతిలో ఉంచుకోవచ్చు. ముందున్న రెండిట్లో ఒకటి ఇరుక్కుంటే ఆ మూడోది పంపాలి. చేతిలో ఏమీ లేని కమాండర్ ఇక చూస్తూ ఉండాల్సిందే. ఈ మూడు లెక్క పైదాకా వెళ్తుంది, ప్లటూన్లు మూడు, బెటాలియన్లు మూడు, బ్రిగేడ్లు మూడు, దాదాపు అన్నిచోట్లా అదే ఆలోచన.

ఇక్కడ మన సైన్యానికి ఒక ప్రత్యేకత ఉంది, నాకు గర్వం కూడా. అమెరికాలో, బ్రిటన్‌లో ప్లటూన్‌కి పెద్ద ఎవరంటే అప్పుడే అకాడమీ నుంచి వచ్చిన లెఫ్టినెంట్. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. మన దగ్గర మామూలుగా జేసీవో, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ ఉంటాడు, నాయబ్ సుబేదారో సుబేదారో. సిపాయిగా చేరి పద్దెనిమిది, ఇరవై ఏళ్లు అన్ని మెట్లూ ఎక్కి వచ్చినవాడు. జవాన్లు ఆయన్ని సాబ్ అంటారు. ఆఫీసర్లు కూడా సాబ్ అనే అంటారు. ప్లటూన్ సాబ్‌కి మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తెలుసు, మీ చెల్లెలి పెళ్లి ఎప్పుడో తెలుసు, పొలం తగాదా ఎంతదాకా వచ్చిందో తెలుసు. సెలవు కావాలంటే మీరు ముందు వెళ్లేది ఆయన దగ్గరికే. ప్లటూన్ కమాండర్‌గా ఉన్నప్పుడు నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది, ముప్పై అయిదు పేజీలు, మనిషికొక పేజీ, ఊరు, అమ్మ పేరు, బ్లడ్ గ్రూప్, ఇంట్లో అప్పు ఉంటే అది. రూల్‌లో లేదు అది. నాకు అవసరమనిపించింది.

మూడు ప్లటూన్లు, ఒక హెడ్‌క్వార్టర్ కలిస్తే కంపెనీ. నూట ఇరవై మంది అనుకోండి. మామూలుగా మేజర్ కమాండ్ చేస్తాడు. రైఫిల్ కంపెనీలు నాలుగు: ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా. ప్లటూన్లకి అంకెలు వరసగా ఉంటాయి, ఆల్ఫాలో 1, 2, 3, బ్రావోలో 4, 5, 6, చార్లీలో 7, 8, 9, డెల్టాలో 10, 11, 12. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 7, 8, 9 అనగానే పాత సైనికుడికి ఒక చోటు గుర్తొస్తుంది. రెజాంగ్ లా.

1962 నవంబరు 18. లద్దాఖ్‌లో చుషుల్ దగ్గర పదహారు వేల అడుగుల ఎత్తు. 13 కుమావ్ బెటాలియన్ చార్లీ కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్. నూట ఇరవై మంది. 7, 8, 9 ప్లటూన్లు ఆ కనుమ మీద వేరు వేరు చోట్ల దూరం దూరంగా కందకాల్లో ఉన్నాయి. మధ్యలో కొండ అడ్డం, అందుకని వెనక ఉన్న ఫిరంగులు వీళ్లకి సాయం చేయలేవు. చేతిలో ఒక్కొక్క గుండు లాగి కాల్చే పాత త్రీ నాట్ త్రీ రైఫిళ్లు. తెల్లవారకముందే చైనా సైన్యం వచ్చింది. అప్పుడు మేజర్ షైతాన్ సింగ్ ఏం చేశారంటే, ఒక ప్లటూన్ దగ్గర నుంచి ఇంకో ప్లటూన్ దగ్గరికి కాల్పుల మధ్యలోనే తిరిగారు, జవాన్లకి ధైర్యం చెప్తూ. ఆయన పరమవీర చక్ర పత్రంలో కూడా ఈ సంగతి ఉంటుంది. నేను చాలాసార్లు ఆలోచించాను, ఎందుకు తిరిగాడాయన? కంపెనీ కమాండర్ గొంతు మూడు ప్లటూన్లకి అందదు కదా. అందదు కాబట్టి మనిషే వెళ్లాడు. గాయపడ్డాడు, మళ్లీ వెళ్లాడు. 114 మంది అక్కడే చనిపోయారు. చలి కాస్త తగ్గాక, 1963 ఫిబ్రవరిలో మనవాళ్లు పైకి వెళ్లి చూస్తే చాలామంది కందకాల్లో ఆయుధం పట్టుకునే ఉన్నారు, మంచులో గడ్డకట్టి. నర్సింగ్ అసిస్టెంట్ చేతిలో కట్టు కట్టే గుడ్డ, సిరంజి అలాగే ఉన్నాయి. వాళ్లు వెనక్కి వెళ్లలేదు.

(కొద్దిసేపు ఆగారు.)

నీళ్లు ఇవ్వు నాయనా. ఆ.

కంపెనీ పైన బెటాలియన్. మేం పల్టన్ అంటాం. సుమారు ఎనిమిది వందల మంది, కల్నల్ కమాండ్ చేస్తారు, కమాండింగ్ ఆఫీసర్ కాబట్టి సీవో సాబ్ అంటాం. నాలుగు రైఫిల్ కంపెనీలు కాక సపోర్ట్ కంపెనీ ఒకటి, హెడ్‌క్వార్టర్ కంపెనీ ఒకటి ఉంటాయి. సపోర్ట్ కంపెనీలో 81 మిల్లీమీటర్ మోర్టార్లు ఉంటాయి, గొట్టం ఒకడు, కింది పలక ఒకడు, కాళ్లు ఒకడు విడదీసి వీపున మోసుకుని కొండెక్కుతారు, పైన బిగిస్తే అయిదు కిలోమీటర్ల దూరం గుండు వేస్తుంది. ట్యాంకుల్ని కొట్టే మిసైళ్లు ఉంటాయి, మిలాన్, కాంకర్స్, రెండూ మన హైదరాబాద్ భారత్ డైనమిక్స్ వాళ్లు చేసినవే. వెనకటికి మిసైళ్లు లేనప్పుడు జీపు మీద రికాయిల్‌లెస్ గన్ ఉండేది. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర 4 గ్రెనేడియర్స్ హవల్దార్ అబ్దుల్ హమీద్ ప్యాటన్ ట్యాంకుల్ని పడగొట్టింది ఆ గన్‌తోనే, జీపు మీద కూర్చుని, ముందు ఏ ఇనుప రేకూ అడ్డం లేకుండా. పరమవీర చక్ర. ఆయన ఇన్‌ఫాంట్రీవాడు, ట్యాంకువాడు కాదు, అది మర్చిపోకండి.

హెడ్‌క్వార్టర్ కంపెనీలో సిగ్నల్ వాళ్లు, బండ్లు, స్టోర్లు, లంగర్ అంటే వంటశాల, ఇంకా పల్టన్‌తోనే ఉండే డాక్టర్, పూజ చేసే పండిత్ కూడా. ఎనిమిది వందల మంది ఊరు అది, మన పల్లెల్లో ఉండేవాళ్లంతా ఉంటారు. ఇంకొకటి, ప్రతి పల్టన్‌కి ఒక ఘాతక్ ప్లటూన్ ఉంటుంది, ఏరి కోరి తీసుకున్న సుమారు ఇరవై మంది, కష్టమైన పనికి ముందు వాళ్లే. 1999 జులైలో టైగర్ హిల్ మీదికి నిట్టనిలువు కొండ తాడుతో ఎక్కి వెళ్లింది 18 గ్రెనేడియర్స్ ఘాతక్‌లే, యోగేంద్ర సింగ్ యాదవ్ గారు వాళ్లలో ఒకరు, అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది వయసు అది.

సీవోకి ఎనిమిది వందల మంది మొహాలూ తెలియవు, కానీ తెలుసుకోవాలని చూస్తాడు, మంచి సీవో అయితే చాలా పేర్లే గుర్తుంటాయి. మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు 16 బిహార్‌కి సీవో. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ఆయన తన జవాన్లతో పాటే ఉన్నారు, వాళ్లతో పాటే పోయారు. నేను మొదట చెప్పాను చూడండి, 1947లో రంజిత్ రాయ్ గారు. డెబ్బై మూడేళ్ల తర్వాత కూడా పల్టన్ పెద్ద నిలబడే చోటు మారలేదు.

పల్టన్ దాటాక మనిషి మనిషిని ఎరగడం అయిపోతుంది, మ్యాపు మొదలవుతుంది. మూడు బెటాలియన్లు ఒక బ్రిగేడ్, బ్రిగేడియర్. మూడు బ్రిగేడ్లు, వాటితో ఫిరంగులు, ఇంజనీర్లు అన్నీ కలిసి డివిజన్, మేజర్ జనరల్, పదిహేను వేల మంది దాకా. తర్వాత కోర్, తర్వాత కమాండ్. అవి మీరు పరీక్షకి చదువుకోండి.

ఇక్కడ అందరూ తికమకపడే మాట ఒకటి ఉంది, రెజిమెంట్. రష్యా వాళ్లకి రెజిమెంట్ అంటే మూడు బెటాలియన్లు కలిసి యుద్ధానికి వెళ్లే దళం. మన పదాతి దళంలో అలా కాదు. మద్రాస్ రెజిమెంట్ మొత్తం కలిసి ఎప్పుడూ ఏ యుద్ధానికీ వెళ్లదు. ఒక పల్టన్ రాజస్థాన్‌లో ఉంటే ఇంకోటి అరుణాచల్‌లో ఉంటుంది, వేరు వేరు బ్రిగేడ్‌ల కింద. మరి రెజిమెంట్ ఏంటి అంటే ఇంటిపేరు. ఇంటిపేరు ఒకటే, కాపురాలు వేరు. ట్రైనింగ్ సెంటర్ ఒకటే, టోపీ బ్యాడ్జీ ఒకటే, నినాదం ఒకటే: వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు! మమ్మల్ని సైన్యమంతా థంబీలు అంటారు. 28 ఏళ్లలో రైల్వే స్టేషన్‌లో ఎక్కడో తెలియని చోట వెనక నుంచి ఎవడో థంబీ అని పిలిస్తే తిరిగి చూసినప్పుడు కలిగే ఆ సంతోషం నాకు ఇంకా అలాగే ఉంది.

ఇక పదాతి దళంలో రకాలు. పేర్లు చూసి మోసపోకండి. లైట్ ఇన్‌ఫాంట్రీ, రైఫిల్స్, గ్రెనేడియర్స్, ఇవన్నీ పాత పేర్లు. మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ, గఢ్వాల్ రైఫిల్స్, మా మద్రాస్, మూడూ ఇవాళ దాదాపు ఒకే రకం పల్టన్లు, పని ఒకటే, ఆయుధాలు ఒకటే. తేడా కవాతులో కనిపిస్తుంది, లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లు వేగంగా నడుస్తారు. నిజమైన తేడా ఎక్కడుందంటే యుద్ధానికి ఎలా వెళ్తావు అన్న దగ్గర ఉంది. నడిచా, బండిలోనా, విమానం నుంచి దూకా.

బండిలో వెళ్లేవాళ్లు మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ. మన దగ్గర ఆ రెజిమెంట్ 1979లో పుట్టింది, పాత రెజిమెంట్ల నుంచి పల్టన్లని తీసుకుని కట్టారు, దాని మొదటి బెటాలియన్ మా 1 మద్రాస్సే. మా ఇంటి పెద్దకొడుకుని ఇచ్చినట్టు. వాళ్ల బండి బీఎంపీ 2, మనం శరత్ అంటాం, మెదక్ వైపు ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారైంది. 30 మిల్లీమీటర్ గన్ ఉంటుంది, నీళ్లలో ఈదుతుంది. నడిపేవాళ్లు ముగ్గురు, వెనక కూర్చునేవాళ్లు ఏడుగురు. చూశారా, ఇక్కడ దిగి కొట్లాడేవాళ్ల లెక్క గొంతు కాదు, సీట్లు నిర్ణయించాయి. అమెరికా వాళ్లకి ఇదే తలనొప్పి, వాళ్ల స్క్వాడ్ తొమ్మిది మంది, వాళ్ల బ్రాడ్లీ బండిలో తొమ్మిది మంది పట్టరు, ఒక స్క్వాడ్‌ని రెండు బండ్లలో విడదీయాలి. బండి తలుపు తెరిచాక సగం మంది ఇంకెక్కడో దిగుతారు. సెక్షన్ కమాండర్‌గా చేసినవాణ్ణి, అది నాకు వినడానికే కష్టంగా ఉంటుంది.

కొండల్లో చేసే పల్టన్ల సంగతి వేరు. అక్కడ శత్రువు కంటే ముందు గాలి చంపుతుంది. అందుకే మెట్లు మెట్లుగా పైకి పంపుతారు: తొమ్మిది వేల అడుగుల పైన ఆరు రోజులు, పన్నెండు వేల పైన నాలుగు రోజులు, పదిహేను వేల పైన ఇంకో నాలుగు రోజులు. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లం మనం, నేను మొదటిసారి వెళ్లినప్పుడు రెండో రోజు బూటు లేసులు కట్టుకోవడానికి వంగితే ఆయాసం వచ్చింది. తొందరపడి పైకి ఉరికినవాడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, గంటల్లో ప్రాణం పోతుంది. కండబలం ఉంది కదా అని ఎవరూ అక్కడ హీరో కావద్దు. పక్కవాడు తలనొప్పి అంటే వెంటనే సెక్షన్ కమాండర్‌కి చెప్పండి.

దూకేవాళ్లు పారాచూట్ రెజిమెంట్, ఎర్రటి మెరూన్ టోపీ. ఇష్టపడి వెళ్లాలి, పంపరు. ఆగ్రాలో దూకడం నేర్పుతారు. అందులో స్పెషల్ ఫోర్సెస్‌కి ప్రొబేషన్ అని గట్టి పరీక్షా కాలం ఉంటుంది, ఎక్కువమంది వెనక్కి వచ్చేస్తారు, అందులో సిగ్గుపడేదేం లేదు. ఇక రాష్ట్రీయ రైఫిల్స్, 1990లో కట్టారు, కశ్మీర్‌లో ఉగ్రవాదుల పని పట్టడానికి. వాళ్లకి రైఫిల్ కంపెనీలు నాలుగు కాదు, ఆరు. అక్కడ ఫిరంగుల కంటే మనుషులు ఎక్కువ కావాలి, ఊరూరా కాపలా, దారి దారికీ పెట్రోల్. రెజిమెంట్ల నుంచి రెండు మూడేళ్లకి మనుషుల్ని పంపుతారు. పని మారితే కట్టడం మారుతుంది, ఇదొక ఉదాహరణ.

ఇప్పుడు కూడా మారుతోంది. 2025 జులై 26న ద్రాస్‌లో ఆర్మీ చీఫ్ గారు చెప్పారు, రుద్ర అని అన్ని దళాలూ కలిసిన బ్రిగేడ్లు, భైరవ్ అని చిన్న కమాండో బెటాలియన్లు, ఇంకా ప్రతి పదాతి బెటాలియన్‌లో ఒక డ్రోన్ ప్లటూన్. మీరు చేరేసరికి మీలో కొందరి చేతికి రైఫిల్‌తో పాటు రిమోట్ కూడా ఇస్తారు.

ఆ, అడుగు నాయనా. లేచి గట్టిగా అడుగు.

(ఒక కుర్రాడు: సార్, డ్రోన్లు వచ్చాక ఇక ఇన్‌ఫాంట్రీతో పనేముంటుంది సార్?)

మంచి ప్రశ్న. ఉక్రెయిన్‌లో చూడండి, పైన డ్రోన్ తిరుగుతుంటే పది మంది కలిసి నడవలేకపోతున్నారు, ఇద్దరు ముగ్గురుగా వెళ్తున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గుంపు ఎలా చిన్నదైందో ఇప్పుడూ అలాగే ఇంకా చిన్నదవుతోంది. కానీ కందకంలో కూర్చుని ఆ నేల తనది అనేవాడు మనిషే. డ్రోన్ కందకంలో కూర్చోదు. ఇద్దరు ముగ్గురుగా చెదిరిపోతే సెక్షన్ కమాండర్ పని ఎక్కువవుతుంది గానీ తగ్గదు, వాళ్లు ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో ఆయనకి తెలియాలి కదా.

అమ్మా, మీరు చెప్పండి.

(ఒక తల్లి: మా పెద్దోడు పోయిన నెల పరీక్ష రాశాడయ్యా. వాణ్ణి మన తెలుగోళ్ల మధ్యే వేస్తారా? దెబ్బ తగిలితే ఎవురు చూస్తారు వాణ్ణి?)

అమ్మా, మద్రాస్ రెజిమెంట్‌లో పడితే తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం వాళ్లు కలిసి ఉంటారు. గార్డ్స్ రెజిమెంట్‌లోనో మెకనైజ్డ్‌లోనో పడితే దేశంలో అన్ని చోట్లవాళ్లూ ఉంటారు. ఫిరంగుల్లోకో ఇంజనీర్లలోకో కూడా పంపొచ్చు, అది మన చేతిలో ఉండదు. ఇప్పుడు అగ్నివీర్‌గా నాలుగేళ్లు, ఆ తర్వాత నూటికి పాతిక మందిదాకా ఉంచుకుంటారు, అది కూడా తెలుసుకునే పంపండి. ఇక దెబ్బ తగిలితే అన్నారు. సెక్షన్‌లో ప్రతివాడికీ ఒక బడ్డీ ఉంటాడు, జత. నిద్రపోయేటప్పుడు ఒకడు మేలుకుంటాడు, ఒకడి కాళ్లు మంచుకి నల్లబడుతున్నాయేమో ఇంకోడు బూటు విప్పించి చూస్తాడు. మీ అబ్బాయికి దెబ్బ తగిలితే మొదట చూసేది డాక్టర్ కాదమ్మా, ఆ బడ్డీ. తన దగ్గరున్న కట్టు తీసి కడతాడు, వీపు మీద వేసుకుని దింపుతాడు. నా బడ్డీ సేలం అతను. మా అమ్మాయి పెళ్లికి మూడు రోజుల ముందే వచ్చి పందిరి వేయించాడు.

ఒక పని ఉంది, చెప్పి ముగిస్తాను. పొద్దున గ్రౌండ్‌లో మిమ్మల్ని చూస్తున్నాను, ఒక్కొక్కరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి పరుగు వాళ్లు పరిగెత్తుతున్నారు. రేపటి నుంచి అలా వద్దు. అయిదున్నరకి గేటు దగ్గరికి రండి, పదేసి మందిగా విడదీస్తాను, పదికీ ఒకణ్ణి పెద్దగా పెడతాను. పదో వాడు గీత దాటినప్పుడే స్టాప్‌వాచ్ నొక్కుతాను. వాన పడినా రండి, ఒక జత పొడి సాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చుకోండి. ఇప్పుడు వెళ్లేటప్పుడు పేర్లు ఆ నోట్‌బుక్‌లో రాసి వెళ్లండి, మనిషికొక పేజీ, అమ్మ పేరు కూడా రాయండి.